కంటిని కనుగొనలేని కంప్యూటరు

హ్యూస్టన్ నగరంలో శనివారం రాత్రి తొమ్మిది గంటలయితే, చలికాలంలో, తెనాలిలో ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర. ఆ వేళకు ఒక కుటుంబానికి చెందిన రెండు ఇళ్ళవారూ రెండు తెరల ముందు కూర్చోవడం కొన్నేళ్ళుగా నియమం. తెనాలిలోని తాతగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిన నాటినుండి ఆ నియమం మరింత గట్టిపడింది. మనుమడు అడిగిన ప్రశ్నకు ఆయన ఎడమచేతి చూపుడువ్రేలు ఎత్తితే అవునని అర్థం. కళ్ళు మూస్తే కాదని. కనుక ఆ ఇంటి కెమెరా పనిచేయని నాడు తాతగారు ఆ సంభాషణలో లేనట్లే లెక్క. చేతి ఫోను ఉన్నది గదా అనవచ్చు. అమ్మమ్మగారి చేతులు వణుకుతాయి. ఆ చిన్న తెరమీద తాతగారికి ముఖాలు ఆనవు. బల్లమీద కదలకుండా నిలిచే ల్యాప్‌టాపే వారికి అనువైనది.

ఆ ల్యాప్‌టాప్ 2016లో కొన్నది. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కి సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించింది. తరువాతిదైన విండోస్ 11కు ఆ యంత్రం అర్హత పొందలేదు. ఈ సంగతి ముందే తెలిసిన మనుమడు ఆ ఏటి వేసవి సెలవులలో తెనాలి వెళ్ళినప్పుడు దానిలో లినక్స్‌ను నెలకొల్పి వచ్చాడు. నాలుగు నెలలు ఏ చిక్కూ లేకుండా నడిచింది. ఒక ఆదివారం ఉదయం మాత్రం తాతగారి ముఖం ఉండవలసిన చోట నల్లని చతురస్రమూ, దాని క్రింద “కెమెరా కనబడలేదు” అన్న వాక్యమూ మిగిలాయి.

ఈ వాక్యం కడు మోసకారి. కెమెరా పగిలిపోయినా ఇదే వాక్యం, తీగ ఊడినా ఇదే, మీట నొక్కి ఎవరో ఆర్పివేసినా ఇదే, అనుమతి లేకపోయినా తరచుగా ఇదే. జ్వరం వచ్చిందన్నంత మాత్రాన ఏ జబ్బో తెలియనట్లే, ఈ వాక్యం చదివినంత మాత్రాన దోషమెక్కడో తెలియదు. అది తెలియాలంటే కాంతి కెమెరాలో ప్రవేశించినది మొదలు బొమ్మగా తెరమీద వాలేదాకా సాగే ప్రయాణాన్ని ఒకసారి అనుసరించి రావాలి.

కన్నునుండి మెదడుదాకా

ల్యాప్‌టాప్ మూత పైఅంచున ఉండే కెమెరాలోని గ్రాహకం ఒక చిన్న సిలికాన్ పలక. సిలికాన్ స్ఫటికంలో బంధంలో ఉన్న ఎలక్ట్రానును విడిపించడానికి 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. దృశ్యకాంతిలో అతి బలహీనమైన ఎరుపు ఫోటానుకే సుమారు 1.8 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది; ఊదా కొసన అది 3.1 దాకా పెరుగుతుంది. అందుచేత కంటికి కనిపించే ప్రతి రంగూ సిలికాన్‌లో ఎలక్ట్రానును విడుదల చేయగలదు. ఏ రంగు విడిపించినా ఎలక్ట్రాను ఎలక్ట్రానే కనుక, సిలికాన్‌కు వెలుతురు తెలుసును గాని రంగు తెలియదు. ఆ లోపాన్ని తీర్చింది రసాయనశాస్త్రమే. ఈస్ట్‌మన్ కోడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన పద్ధతిలో ప్రతి నాలుగు బిందువుల మీద రంగు పొరలను అద్దుతారు: రెండింటిమీద ఆకుపచ్చ, ఒకదానిమీద ఎరుపు, ఒకదానిమీద నీలం. మానవనేత్రం ఆకుపచ్చకు ఎక్కువగా స్పందిస్తుంది కనుక దానికి రెండు పాళ్ళు.

ఇట్లా పుట్టిన సంఖ్యల ప్రవాహం చిన్నదేమీ కాదు. అడ్డంగా 640, నిలువుగా 480 బిందువుల బొమ్మలో బిందువుకు రెండు బైట్ల చొప్పున, సెకనుకు 30 బొమ్మలంటే, సెకనుకు 1,84,32,000 బైట్లు. ల్యాప్‌టాప్ కెమెరాలలో అత్యధికం యూఎస్‌బీ రెండవ తరం మార్గం మీద నడుస్తాయి. ఆ మార్గంలో వీడియోవంటి కాలనియమం గల ప్రవాహానికి ఒక పరికరం తీసుకోగలిగినది గరిష్ఠంగా 2,45,76,000 బైట్లు. కనుక చిన్న బొమ్మ ఎట్లాగో పట్టుతుంది. 1280కి 720 బిందువుల బొమ్మకు 5,52,96,000 బైట్లు కావాలి, పట్టదు. అందువల్ల కెమెరాయే బొమ్మను కుదించి పంపుతుంది. ఆ కుదింపుకు మూలమైన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణితప్రక్రియను 1974లో ప్రకటించినవారు ముగ్గురు: నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. చివరివారు టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో చిరకాలం ఆచార్యులుగా ఉన్న కామిశెట్టి రామమోహనరావుగారు. తాతగారి ముఖం సముద్రాలు దాటి వచ్చే ప్రతి వారమూ ఆయన గణితం మీదుగానే వస్తున్నదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

తీగగుండా వచ్చిన ప్రవాహాన్ని అందుకొనేది కెర్నెల్. కెర్నెల్ అంటే గింజలోని పప్పు. లినక్స్ అనే గింజకు అదే సారం. హెల్సింకిలో విద్యార్థిగా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ దానిని 1991లో లోకానికి ప్రకటించాడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటర్ ప్రయోగశాలలో కాఫీకూజా నిండి ఉన్నదో లేదో తమ గదులనుండే చూసుకొనడానికి పరిశోధకులు కెమెరా అమర్చినదీ ఆ సంవత్సరమే. 128కి 128 బిందువుల నలుపు తెలుపు బొమ్మ అది. 1993లో వెబ్‌కు ఎక్కి లోకప్రసిద్ధమై 2001 ఆగస్టు 22న ఆరిపోయింది. కెమెరాకూ లినక్స్‌కూ ఒకే ఈడు. స్నేహం కుదరడానికి మాత్రం చాలా కాలం పట్టింది. కెర్నెల్‌కు ప్రతి పరికరపు భాషా తెలియదు. ఆ భాష తెలిసిన దుబాసి వంటిది డ్రైవర్ అనే చిన్న కార్యక్రమం. పూర్వం ఒక్కొక్క తయారీదారు కెమెరా ఒక్కొక్క భాష మాట్లాడేది. 2003లో యూఎస్‌బీ వీడియో క్లాస్ అనే ఉమ్మడి ప్రమాణం వెలువడిన తరువాత కెమెరాలన్నీ క్రమంగా ఒకే భాషకు వచ్చాయి. ఆ భాషకు లోరాన్ పించార్ వ్రాసిన యూవీసీవీడియో అనే డ్రైవర్ 2008లో, కెర్నెల్ 2.6.26లో చేరింది. 2016నాటి ల్యాప్‌టాప్‌కు ఇంతకంటె మరేమీ అక్కరలేదు. డ్రైవర్ పరికరాన్ని గుర్తించగానే స్లాష్ డెవ్ స్లాష్ వీడియో 0 అనే పేరుతో ఒక ద్వారం ఏర్పడుతుంది. బ్రౌజరైనా, సంభాషణ కార్యక్రమమైనా ఆ ద్వారం దగ్గర నిలిచి బొమ్మను అడిగి తీసుకొంటాయి.

అమ్మమ్మగారి సాల్ట్ అనాలిసిస్

మొదటి ఆదివారం మనుమడు చేసిన పని చాలామంది చేసేదే. బ్రౌజరును తీసివేసి మళ్ళీ పెట్టించాడు. వేరొక సంభాషణ కార్యక్రమాన్ని ఎక్కించాడు. వార్తలలో ఎక్కడో చూసిన రెండు మూడు ఆదేశాలను అర్థం తెలియకుండానే ఫోనులో చెప్పి కొట్టించాడు. రెండు గంటలు గడిచాయి. ఆఖరికి, “అమ్మమ్మా, మొత్తం తుడిచేసి లినక్స్ మళ్ళీ వేద్దాం” అన్నాడు.

అమ్మమ్మగారు ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం బోధించి విరమించినవారు. “ఒరే, నువ్వు ఇందాకటినుంచి రెండో గ్రూపు చూడకుండా నాలుగో గ్రూపులో గ్యాసు పంపుతున్నావు” అన్నారు.

ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో ఉప్పు గుర్తించినవారికి ఈ మాట వెంటనే బోధపడుతుంది. తెలియని లవణంలోని లోహాన్ని పట్టుకొనడానికి గ్రూపులను వరుసక్రమంలో పరీక్షించాలి. ఆమ్ల ద్రావణంలో హైడ్రోజన్ సల్ఫైడ్ పంపితే రెండవ గ్రూపు లోహాలు అవక్షేపమవుతాయి. వాటిని వడకట్టి తీసివేసిన తరువాతనే అమోనియా కలిపి నాలుగవ గ్రూపుకు పోవాలి. ఆ మెట్టు దాటవేసి తిన్నగా నాలుగవ గ్రూపుకు పోతే నికెల్ నల్లగా పడుతుంది, కోబాల్టు నల్లగా పడుతుంది, రాగి కూడా నల్లగానే పడుతుంది. పరీక్షనాళికలో నలుపు కనిపిస్తుంది గాని అది ఎవరి నలుపో చెప్పలేరు. బ్రౌజరులో కనిపించిన నల్లని చతురస్రమూ అటువంటిదే. క్రిందినుండి పైకి రావాలి. ప్రతి మెట్టు దగ్గర ఒకే ప్రశ్న వేసి, దాని జవాబు వచ్చాకనే కదలాలి.

మరుసటి ఆదివారం ఆ క్రమంలోనే ఆరంభించారు.

అన్నిటికంటె ముందుగా చూడవలసినవి చేతితో తాకగలిగినవి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో కెమెరా ముందు జరిపే చిన్న తలుపు ఉంటుంది. అది మూసి ఉంటే సాధారణంగా నల్లని బొమ్మ వస్తుంది గాని కెమెరా మాయం కాదు. పై వరుస మీటలలో కెమెరా గుర్తుగల మీట ఉంటే దాని సంగతి వేరు: పలు యంత్రాలలో అది కెమెరాకు విద్యుత్తునే తెంచివేస్తుంది, కెర్నెల్ దృష్టిలో కెమెరా ఊడదీసినట్లే. తుడిచేటప్పుడు గుడ్డ తగిలి నొక్కుకొన్నా అంతే. కంప్యూటరును తెరిచిన తొలిక్షణాలలో వచ్చే బయోస్ అమరికలలో కూడ కెమెరాను ఆపే ఏర్పాటు ఉండవచ్చు. తెనాలి యంత్రంలో తలుపు లేదు, మీట లేదు, బయోస్‌లో అనుమతి ఉన్నది. తరువాత యంత్రాన్ని పూర్తిగా ఆపి, విద్యుత్ తీగ తీసి, బ్యాటరీని విప్పి, పవర్ మీటను అర నిమిషం నొక్కి ఉంచారు. లోపలి నియంత్రకం చిక్కుపడి ఉంటే ఈ ఉపవాసంతో తేరుకొంటుంది. తేరుకోలేదు.

రెండవ మెట్టు అసలైనది. టెర్మినల్ తెరిచి, చిన్న ఇంగ్లీషు అక్షరాలలో ఎల్, ఎస్, యు, ఎస్, బి అని ఎడం లేకుండా కొట్టి ఎంటర్ నొక్కాలి. యూఎస్‌బీ మార్గం మీద ఉన్న పరికరాలన్నింటి జాబితా వస్తుంది. ప్రతి పంక్తిలో తయారీదారుకొక సంఖ్య, పరికరానికొక సంఖ్య, ఆ ప్రక్కన పేరు ఉంటాయి. పేరులో కెమెరా అనో వెబ్‌క్యామ్ అనో ఉంటుంది. కొన్నిటిలో తయారీదారు పేరొక్కటే ఉంటుంది. ఈ ఒక్క జాబితా సమస్యను రెండుగా చీలుస్తుంది. పంక్తి ఉన్నదా, దోషం పైమెట్లలో: డ్రైవరులోనో, అనుమతిలోనో, కార్యక్రమంలోనో. పంక్తి లేదా, దోషం క్రిందిమెట్లలో. అట్టప్పుడు బ్రౌజరును ఎన్నిసార్లు మార్చినా, లినక్స్‌ను ఎన్నిసార్లు ప్రతిష్ఠించినా, తీగలో రాని సంకేతం రాదు.

అమ్మమ్మగారు జాబితాను పైనుండి క్రిందికి చదివారు. మౌస్ ఉన్నది, బ్లూటూత్ ఉన్నది, యూఎస్‌బీ కూడలులు ఉన్నాయి. కెమెరా లేదు.

తరువాత చేసినది రసాయనికులు బ్లాంక్ పరీక్ష అనేదాని వంటిది. మేనల్లుడి దగ్గరనుండి బయట తగిలించే యూఎస్‌బీ కెమెరాను ఒకదానిని తెప్పించి గుచ్చారు. వెంటనే జాబితాలో పంక్తి చేరింది, తెరమీద తాతగారు వచ్చారు. అంటే డ్రైవరు ఉన్నది, ద్వారం తెరుచుకొంటున్నది, అనుమతులు సరిగానే ఉన్నాయి. ఒక్క గుచ్చుతో పైమెట్లన్నీ నిర్దోషులని తేలింది. ఆ వారం మాటలకు లోటు లేకపోయింది. కాని ఆ కెమెరా అప్పు తెచ్చినది, తిరిగి ఇవ్వవలసినది.

మూత కదిలినప్పుడు

మూడవ మెట్టు కెర్నెల్ దినచర్యను చదవడం. సుడో అనే మాట, ఒక ఎడం, డి, ఎమ్, ఇ, ఎస్, జి, మరొక ఎడం, అడ్డగీత, డబ్ల్యు అని కొట్టాలి. సుడో అంటే యజమాని అధికారంతో అడగడం; సంకేతపదం ఇవ్వాలి. అది కొట్టేటప్పుడు తెరమీద చుక్కలు కూడ కనబడకపోవచ్చు. మీటలు పనిచేయడం లేదని అమ్మమ్మగారు పది నిమిషాలు కంగారుపడ్డారు. చివరన ఉన్న డబ్ల్యు వల్ల కెర్నెల్ వ్రాసే ప్రతి కొత్త పంక్తీ అప్పటికప్పుడు కనిపిస్తూ ఉంటుంది.

“అమ్మమ్మా, ఇప్పుడు మూతను మెల్లగా వెనక్కి వంచు. చాలా మెల్లగా.”

మూత కదిలింది. పంక్తులు కదిలాయి. కొత్త యూఎస్‌బీ పరికరం వచ్చినదనీ, దాని వివరం చదవబోతే దోషం మైనస్ 71 అనీ, మళ్ళీ అదే దోషమనీ, చివరకు ఈ పరికరాన్ని చేర్చుకోలేకపోతున్నాననీ కెర్నెల్ వ్రాసుకొన్నది. ఈ సంఖ్యలకు అర్థమున్నది. మైనస్ 71 అంటే మర్యాద తప్పిన సంభాషణ: అడిగిన ప్రశ్నకు జవాబేదో వచ్చింది గాని మాట చెడి వచ్చింది. మైనస్ 110 అయితే గడువు దాటినా జవాబే రాలేదని. రెండూ డ్రైవరుకంటె క్రింది స్థాయి కబుర్లు. ఒక్క మైనస్ 71 చూసి తీగ తెగిందని తీర్మానించడం తొందరపాటు. కెమెరాలోని చిప్ పాడయినా, విద్యుత్తు చాలకపోయినా అది రావచ్చు. కాని మూత కోణంతో పాటు దోషం మారుతున్నదంటే సాక్ష్యం బలమైనది. మూతను దాదాపు నిటారుగా నిలిపినప్పుడు కెమెరా మూడు సెకన్లు బ్రతికి, జాబితాలో తన పేరు చెప్పుకొని, మళ్ళీ పోయింది.

కెమెరానుండి వచ్చే సన్నని తీగలు మూత కీలుగుండా ఒళ్ళు మెలితిప్పుకొని క్రిందికి దిగుతాయి. ఏళ్ళ తరబడి రోజుకు కొన్నిసార్లు తెరిచి మూయడమంటే వేల వంపులు. రాగి మెత్తని లోహమే. కాని ఒకేచోట పదేపదే వంచితే దాని స్ఫటికాలలోని వరుస తప్పిన పరమాణు పంక్తులు ఒకదానితో ఒకటి పెనవేసుకొని, ఆ చోట లోహం గట్టిపడి, పెళుసుబారి, చివరకు చీలుతుంది. పూర్తిగా విరిగేముందు కొన్నాళ్ళు చీలిక అంచులు ఒరుసుకొంటూ ఒక కోణంలో కలిసి, మరొక కోణంలో విడిపోతాయి. “అప్పుడప్పుడు పనిచేస్తుంది” అనే జబ్బులలో అధికభాగం ఈ దశలోనివే. తాతగారి యంత్రాన్ని రోజూ మంచం ప్రక్కకు మార్చి, ఆయన కంటికి తగినట్లు మూతను వంచుతూ ఉండేవారు.

జాబితాలో పంక్తి ఉంటే

ప్రతి ఇంట్లోనూ దోషం తీగలో ఉండదు కనుక రెండవ దారి కూడ చెప్పవలసి ఉన్నది. జాబితాలో కెమెరా పేరు ఉండి కూడ బొమ్మ రాకపోతే, ఎల్, ఎస్, ఎమ్, ఒ, డి అనే ఆదేశంతో కెర్నెల్‌లో చేరి ఉన్న డ్రైవర్ల పట్టిక చూడాలి. అందులో యూవీసీవీడియో లేకపోతే, సుడో మోడ్‌ప్రోబ్ యూవీసీవీడియో అని ఆజ్ఞాపిస్తే చేరుతుంది. చేరి, మరునాడు మళ్ళీ మాయమైతే, ఎవరో ఒకప్పుడు భద్రతకోసం దానిని నిషిద్ధుల జాబితాలో వ్రాసి ఉంటారు. ఆ వ్రాత మోడ్‌ప్రోబ్ డాట్ డి అనే సంచయంలో దొరుకుతుంది.

డ్రైవరు ఉంటే ద్వారాలను చూడాలి. ఇక్కడ ఒక తికమక: ఒకే కెమెరాకు వీడియో 0, వీడియో 1 అని రెండు పేర్లు కనిపించడం సహజమే. 2018లో వచ్చిన కెర్నెల్ 4.16 నుండి రెండవది బొమ్మను గురించిన వివరాలకోసం ఏర్పడుతుంది. దానిలో బొమ్మ వెదికితే దొరకదు. ముఖం చూసి తలుపు తీసే ల్యాప్‌టాప్‌లలో పరారుణ కెమెరా మరొకటి ఉంటుంది. దాని బొమ్మ బూడిదరంగులో దయ్యంలా వస్తుంది. ద్వారం సరిగానే ఉండి కార్యక్రమం మాత్రం మొరాయిస్తే, మరొక కార్యక్రమం ముందే దానిని పట్టుకొని కూర్చున్నదేమో చూడాలి. ఎక్కువ సందర్భాలలో ఒక సమయంలో ఒక్కరికే బొమ్మ అందుతుంది. ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ పద్ధతులలో వచ్చిన కార్యక్రమాలకు చుట్టూ గోడ ఉంటుంది. కెమెరా వాడుకొనే అనుమతిని విడిగా ఇవ్వాలి. బ్రౌజరులో వెనుకటి రోజు పొరపాటున “వద్దు” అని నొక్కి ఉన్నా ఇదే ఫలితం.

కొత్త ల్యాప్‌టాప్ కొన్నవారికి మరొక హెచ్చరిక. ఇటీవలి ఇంటెల్ యంత్రాలు కొన్నింటిలో కెమెరా యూఎస్‌బీ మార్గంలో ఉండనే ఉండదు. ఐపీయూ6 అనే భాగానికి నేరుగా తగిలించి ఉంటుంది. అక్కడ ఎల్‌ఎస్‌యూఎస్‌బీ జాబితాలో పేరు లేకపోవడం దోషానికి గుర్తు కాదు. అటువంటి గ్రాహకం రంగుల గళ్ళను వండకుండానే పంపుతుంది. వండే పని కంప్యూటరుదే. 2024 జులైలో వెలువడిన కెర్నెల్ 6.10లో దీని డ్రైవరు చేరింది. వంటపని లిబ్‌కెమెరా అనే సంపుటిది. కనుక కొత్త యంత్రంలో పాత లినక్స్ వేసి కెమెరా రాలేదని తీగను అనుమానించడం అన్యాయం. ముందు కెర్నెల్ వయస్సు చూడాలి. కొనేముందే ఒక యూఎస్‌బీ పుల్లమీది లినక్స్‌తో యంత్రాన్ని నడిపి చూడగలిగితే ఇంకా మేలు. లోపలిది ఏదీ చెరిగిపోదు.

మరమ్మతు

తెనాలిలోని ఒక మరమ్మతు దుకాణానికి యంత్రాన్ని తీసుకొనిపోయినప్పుడు, “మదర్‌బోర్డు మార్చాలి” అన్న మాట ముందుగా వినిపించింది. అమ్మమ్మగారు మనుమడు పంపిన నాలుగు పంక్తులను చీటీమీద వ్రాసుకొని వెళ్ళారు: బయటి కెమెరా పనిచేస్తున్నది, లోపలిది మూత నిటారుగా ఉన్నప్పుడు మాత్రమే వస్తున్నది, దోషం మైనస్ 71, కీలులోని తీగను చూడగలరు. కుర్రవాడు చీటీని రెండుసార్లు చదివి, తెరచుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రాన్ని విప్పాడు. కీలు దగ్గర తీగల తొడుగు చిట్లి, లోపల రెండు పోగులు తెగి ఉన్నాయి. అదే నమూనా తీగ రావడానికి పది రోజులు పట్టింది.

ఆ తరువాతి ఆదివారం ఎనిమిదిన్నరకు హ్యూస్టన్ తెరమీద కనిపించినది తాతగారి ముఖం కాదు, గోడమీది క్యాలెండరు. అప్పు తెచ్చిన కెమెరా ఇంకా గుచ్చే ఉన్నది. అది గోడవైపు తిరిగి ఉన్నది. కార్యక్రమం పాత అలవాటు కొద్దీ దానినే ఎంచుకొన్నది. “అమ్మమ్మా, అమరికలలో కెమెరాల పట్టిక ఉంటుంది, అందులో రెండోది కాకుండా మొదటిది ఎంచు” అన్నాడు మనుమడు. ఎంచారు. తాతగారు అప్పటికే వ్రేలు ఎత్తి ఉంచారు.